హెచ్‌డీ కెమెరా పాఠాలు – 6: చర్మం మీద గీత, గుంట, మచ్చ

ఈ వారం ఆడియో పాఠం చెబుతానన్నాను. కానీ మీరు తీసి పంపిన క్లిప్పులు చూశాక దాన్ని పక్కన పెట్టక తప్పలేదు. పోయిన పాఠంలో "డీటెయిల్ తగ్గించండి" అన్నాను, అంటే కెమెరా మెనూలో అంచుల పదును పెంచే సెట్టింగు. ఎంత తగ్గించాలో చెప్పలేదు, అది నా పొరపాటు. చాలామంది ఏకంగా సున్నాకి దించేశారు. బొమ్మ మెత్తబడిందని ఎడిటింగ్‌లో షార్ప్‌నెస్ పెంచారు. దాంతో చెంప మీది రంధ్రాలు మళ్లీ పైకి తేలాయి, నీడల్లో ఇసుక చల్లినట్టు నాయిస్ కూడా వచ్చింది.

ఈ ఒక్క విషయం అర్థమయ్యేదాకా ముందుకు వెళ్లలేను. డీటెయిల్ అంటే రెజల్యూషన్ కాదు. లెన్సు, సెన్సారు పట్టుకున్న వివరానికి అది కొత్తగా చేర్చేది ఏమీ లేదు. వెలుతురు, చీకటి కలిసే ప్రతి అంచు పక్కన కెమెరా సొంతంగా ఒక సన్నని గీత గీస్తుంది. చీకటి వైపు ఇంకాస్త నల్లగా, వెలుతురు వైపు ఇంకాస్త తెల్లగా. పాత ట్యూబు టీవీలో ఆ గీత వల్లే బొమ్మ స్పష్టంగా ఉన్నట్టు అనిపించేది. హెచ్‌డీలో అంచులు లెక్కలేనన్ని. కనుబొమ్మలో ప్రతి వెంట్రుకా అంచే, ముక్కు మీద ప్రతి రంధ్రమూ అంచే. వాటన్నిటి చుట్టూ గీత పడితే పాతికేళ్ల అమ్మాయి ముఖం కూడా బరక కాగితంలా కనిపిస్తుంది. అలాగని గీత పూర్తిగా తీసేస్తే కళ్లు, పెదవులు కూడా మసకబారతాయి. ఎడిటింగ్‌లో పెంచే షార్ప్‌నెస్ గీసేదీ అదే గీత. పైగా అప్పటికే కంప్రెస్ అయిన బొమ్మ మీద గీస్తుంది కాబట్టి మరింత మొరటుగా ఉంటుంది. 0 నుంచి 15 దాకా అంకెలున్న కెమెరా అయితే 4 దగ్గర మొదలుపెట్టండి. నేను 4 దాటను. స్కిన్‌టోన్ డీటెయిల్ అనే మెనూ ఉంటే ఇంకా మేలు, చర్మపు రంగు ఉన్నచోట మాత్రమే గీత తగ్గిస్తుంది.



ఈ చిక్కు మనకంటే ముందు, మనకంటే తీవ్రంగా ఎదురైంది అమెరికా అడల్ట్ సినిమాల వాళ్లకి. లాస్ ఏంజెలిస్‌లోని శాన్ ఫెర్నాండో వ్యాలీ అప్పట్లో ఆ పరిశ్రమకు కేంద్రం. 2004లో సోనీ ఎఫ్ఎక్స్1 వచ్చింది. మినీ డీవీ అనే చిన్న వీడియో టేపు మీదే 1440×1080 పిక్సెళ్ల బొమ్మ రికార్డు చేసే కెమెరా, చిన్న నిర్మాతలకీ అందే ధర. అంతవరకూ వాళ్లు తీసింది 720×480లో. ఒక్కసారిగా నాలుగున్నర రెట్ల పిక్సెళ్లు. మామూలు సినిమాలో ముఖం, చేతులు కాచుకుంటే చాలు. అక్కడ కెమెరా ముందున్నది ఒళ్లంతా. షేవ్ చేసిన చోట ఎర్రటి పొక్కులు, ఆపరేషన్ మచ్చలు, తొడల మీద చారలు అన్నీ తెర మీదికొచ్చాయి. 2007 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కూడా దీని మీద కథనం రాసింది. మన దేశంలో అలాంటి సినిమాలు ఎలక్ట్రానిక్ రూపంలో పంచడం ఐటీ చట్టం 67ఏ కింద నేరం, వాటిని తీయడం ఈ పాఠంలో భాగం కాదు. కానీ చర్మాన్ని గౌరవంగా చూపించడం ఎలాగో వాళ్ల కష్టం నుంచి నేర్చుకోవచ్చు. పెళ్లికూతురి మెడ, వీపు తీసేవాళ్లకి, నాట్యం తీసేవాళ్లకి అది రోజూ కావాల్సిందే.

మేకప్‌తో కప్పేస్తే పోదా అని ముగ్గురు అడిగారు. ముఖానికైతే సరే. ఒళ్లంతా పూస్తే చెమటకి కరుగుతుంది, దుప్పటికి అంటుకుంటుంది, గంటలోపే అతుకులు అతుకులుగా తేలుతుంది. కాబట్టి లోపం ఏ రకందో ముందు చూడండి. గుంటో బొడిపో అయితే అది కనిపించేది నీడ వల్ల, దానికి మందు లైటు. ఎరుపో నలుపో అయితే అది రంగు, ఎంత మెత్తటి లైటు పెట్టినా పోదు, మేకప్పే కావాలి. ఎరుపు మీద ముందు పలుచగా ఆకుపచ్చ కరెక్టర్ (రంగును కప్పే మేకప్ క్రీము), చామనఛాయ చర్మం మీది నల్ల మచ్చకి నారింజ రంగు కరెక్టర్, ఆపైన ఫౌండేషన్.

లైటు విషయానికొస్తే, పక్కనుంచి వచ్చే చిన్న బల్బు ప్రతి రంధ్రంలోనూ ఒక నీడ పడేస్తుంది. అదే బల్బు ముందు నాలుగడుగుల తెల్లగుడ్డ ఫ్రేము పెట్టి, ఆ ఫ్రేమును మనిషికి మూడడుగుల దూరంలో, కెమెరాకి కాస్త పైన ఉంచండి. రంధ్రం అక్కడే ఉంటుంది కానీ నీడ నిండిపోతుంది. ఫ్రేమును పదడుగులు వెనక్కి జరిపితే లైటు మళ్లీ కరుకెక్కుతుంది. గుడ్డ ఎంత పెద్దదన్నది ఒక్కటే చాలదు, మనిషికి ఎంత దగ్గరగా ఉందన్నదే అసలు సంగతి. నేను ఫ్లోరోసెంట్ ప్యానెళ్లే వాడతాను, వేడి తక్కువ, చెమట పట్టదు. లెన్సు ముందు డిఫ్యూజన్ ఫిల్టర్ (బొమ్మను మెత్తబరిచే గాజు) మాత్రం చిన్న సెన్సారు కెమెరాకి పెట్టను. వైడ్‌లో, కిటికీ ఎదురుగా ఉంటే ఫిల్టర్‌లోని చుక్కలే ఫోకస్‌లోకి వస్తాయి.

ఇక లైటుకీ మేకప్‌కీ లొంగనివి సాక్సు, నడుము ఎలాస్టిక్ వదిలే అచ్చులు. చీలమండ చుట్టూ దారం కట్టినట్టు, సన్నటి పళ్ల వరసతో సహా కనిపిస్తాయి. వాటికి టైమే మందు. షూటింగుకి కనీసం గంట ముందే వదులు బట్టల్లోకి మారమని చెప్పండి. మొదటి షాటు తీయగానే ఆ మనిషికి మానిటర్ చూపించండి. ఆ శరీరం వాళ్లది, తెర మీద ఎలా కనబడుతున్నామో ముందుగా తెలుసుకునే హక్కు వాళ్లకుంది.

హెచ్‌డీ పౌడర్ అని అమ్మే సిలికా పౌడర్‌తో ఒక జాగ్రత్త. వీడియో లైటులో కనపడదు, ఫ్లాష్ ఫొటోలో ముఖం మీద తెల్లటి మరకలుగా బయటపడుతుంది. కవరు ఫొటో అదే సెట్లో తీస్తుంటే పౌడర్‌కి ముందే తీసేయండి.

అభ్యాసం: ఒకే మనిషి, ఒకే కుర్చీ. లైటు మూడు రకాలు (ఖాళీ బల్బు, గుడ్డ ఫ్రేము, తెల్లగోడ మీంచి తిరిగొచ్చే వెలుగు), మూడు కోణాలు, డీటెయిల్ నాలుగు అంకెలు (0, 4, 8, 12). మొత్తం 36 క్లిప్పులు, ఒక్కోటి పది సెకన్లు. ప్రతి క్లిప్పు మొదట్లో సెట్టింగు రాసిన కాగితం కెమెరాకి చూపించండి. ఫోన్లో చూడొద్దు, 40 అంగుళాల టీవీకి ఐదడుగుల దూరంలో కూర్చుని చూడండి. వాటిలో మీకు నచ్చిన రెండు, అస్సలు నచ్చని ఒకటి పంపండి. నచ్చనిదానిలో కనిపించేది గీతా, గుంటా, మచ్చా అన్నది కూడా రాయండి.