కాకటీల్‌కి కంటినిండా నిద్ర
ఇంట్లో కాకటీల్ అనే చిన్న చిలుక జాతి పక్షి ఉంటే దాని నిద్ర సంగతి కాస్త పట్టించుకోండి. రోజుకి 10 నుంచి 12 గంటలు చీకటి, నిశ్శబ్దం కావాలి. టీవీ పక్కనే పంజరం పెట్టి రాత్రి పదకొండు దాకా సీరియల్స్ చూస్తే, మర్నాడు చిరాగ్గా అరుస్తుంది, వేలు పెడితే కరుస్తుంది. పొగరనుకుంటాం, పాపం నిద్ర చాలక. ఏడున్నరకల్లా వేరే గదిలోకి మార్చండి.

నిద్రొచ్చే ముందు ఒంటికాలి మీద నిలబడి, ఈకలు కొంచెం ఉబ్బించి, ముక్కు కరకరా నూరుతుంది. హాయిగా ఉందని గుర్తు, టెన్షన్ పడకండి. పగలంతా ఉబ్బిపోయి ముడుచుకుని కూర్చుంటే మాత్రం వెంటనే పక్షుల డాక్టర్‌కి చూపించాలి.

చీకట్లో ఉలిక్కిపడి రెక్కలు టపటపా కొట్టుకునే అలవాటు కాకటీల్స్‌కి ఎక్కువ. అలాంటిదానికి గదిలో చిన్న జీరో బల్బు ఉంచండి. ఊచలు కనిపిస్తే కుదురుకుంటుంది.