ఫ్రెండ్‌తో సింగపూర్ వెళ్తూ మధ్యలో అక్క వాళ్ళింట్లో కూడా దిగాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

సింగపూర్లో అక్కో అన్నయ్యో బాబాయో లేని ఇల్లు మన వైపు తక్కువే ఇప్పుడు. హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి, వైజాగ్ నుంచి స్కూట్ ఎయిర్‌లైన్స్ వాడు నడుపుతున్నాడు, రాత్రి ఎక్కితే నాలుగైదు గంటల్లో తెల్లారేసరికి అక్కడుంటాం. ఒక్కళ్ళమే చుట్టాలింటికి వెళ్తే ఏ గొడవా లేదు, ఇద్దరు ఫ్రెండ్స్ కలిసి హోటల్లో దిగి తిరిగినా ఏ గొడవా లేదు. ఈ రెండూ కలిసినప్పుడే చిక్కంతా. వెళ్ళేది మీ ఫ్రెండ్‌తో, దిగేది మీ అక్క ఇంట్లో. అక్కేమో "ఇల్లుండగా హోటలేంటే, ఎవరైనా వింటే నవ్వుతారు" అంటది, ఫ్రెండేమో అక్కడ మొహమాటంతో రెండో ఇడ్లీ కూడా అడగదు, ఇద్దరి మధ్యా మీరు నలిగిపోతారు.

అందుకే టికెట్లు బుక్ చెయ్యకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఏ రోజులు ఎక్కడ అని. నా మట్టుకు నేను చెప్పేది శనాదివారాలు చుట్టాలిల్లు, వారం మధ్యలో హోటల్. శనివారం పొద్దున్న దిగేలా ఫ్లైట్ చూసుకోండి, ఆ రెండు రోజులూ అక్క వాళ్ళతోనే ఉండి సోమవారం పొద్దున్న వాళ్ళు ఆఫీసుకి బయల్దేరేటప్పుడే మీరూ బ్యాగులు పట్టుకుని హోటల్‌కి వెళ్ళిపోండి, మళ్ళీ శుక్రవారం సాయంత్రానికి వచ్చి ఆ వీకెండ్ కూడా వాళ్ళతో ఉండి తిరుగు ఫ్లైట్ ఎక్కండి. ఇలా ఎందుకంటే అక్కడి ఇళ్ళు మనం ఫొటోల్లో చూసినంత పెద్దవి కావు, హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టిన) ఫ్లాట్ అయినా కాండో (ప్రైవేటు అపార్ట్‌మెంట్) అయినా మీకిచ్చే గది పిల్లాడి గదే అయ్యుంటది, వాడు వెళ్ళి అమ్మానాన్నల మధ్య పడుకుంటాడు. స్కూళ్ళు ఏడున్నరకే మొదలవుతాయి కాబట్టి ఆరింటికి ఇల్లంతా లేచి బాత్రూమ్ దగ్గర క్యూ, అదే టైముకి మీరు ముందు రాత్రి పదకొండింటికి వచ్చి పడుకుని ఉంటారు. రెండు రోజులైతే ముచ్చట, వారమైతే పాపం వాళ్ళకి కష్టమే, నోరు తెరిచి చెప్పరు గానీ.

ఈ మాట అక్కకి ఎలా చెప్పాలో కూడా చెప్తా. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దు, ఫోన్ చెయ్యండి. "అక్కా, వారం మధ్యలో మేం సిటీలోనే ఉండి పొద్దుపోయేదాకా తిరుగుతాం, నువ్వు మాకోసం వంటా గింటా పెట్టుకోకు, శనాదివారాలు మాత్రం పూర్తిగా నీ దగ్గరే, ఎక్కడికి తీసుకెళ్తారో బావగారినే ప్లాన్ వెయ్యమను" అని అనండి. ప్లాన్ బావగారి చేతిలో పెట్టారంటే సగం గొడవ అక్కడే సద్దుమణుగుద్ది. పిల్లలున్న ఇల్లయితే జూన్‌లో గానీ నవంబర్ చివర నుంచి డిసెంబర్ దాకా గానీ స్కూల్ సెలవులు, అప్పుడైతే వాళ్ళూ మీతో తిరగొచ్చు, కాకపోతే చాలామంది ఆ సెలవుల్లోనే ఇండియా వచ్చేస్తారు, ముందే కనుక్కోండి. ఏడాది చివర్లో వానలు కూడా ఎక్కువే, మామూలు రోజుల్లోనే మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి కుమ్మేస్తది, గొడుగు బ్యాగులోనే ఉండాలి.

వీసా సంగతి. మనకి సింగపూర్‌కి వీసా కావాలి, ఫారం 14ఏ నింపి, ఫొటో, పాస్‌పోర్ట్ కాపీ, టికెట్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్ లాంటివి పెట్టి ఆథరైజ్డ్ ఏజెంట్ ద్వారా వేస్తారు, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంట్ చార్జీ వేరే, వీసా రాకపోయినా ఫీజు వెనక్కి రాదు. బావగారు అక్కడ పీఆర్ (శాశ్వత నివాసి) గానీ సిటిజెన్ గానీ అయితే వాళ్ళ సింగ్‌పాస్ అనే ప్రభుత్వ లాగిన్‌తో ఆన్‌లైన్లో వాళ్ళే వెయ్యగలరు. మీకు వేస్తారు సరే, మీ ఫ్రెండ్‌కి కూడా వెయ్యమని అడగడం నాకైతే నచ్చదు, పరిచయం లేని మనిషికి పూచీ పడమన్నట్టు ఉంటది. ఇద్దరూ ఒకే ఏజెంట్ దగ్గర కలిసి వేసేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలలు గడువుండాలి, ఇది ఫ్రెండ్‌ది కూడా మీ కళ్ళతో చూడండి, "ఉంటదిలే" అన్న మాట నమ్మొద్దు.

దిగే ముందు మూడు రోజుల లోపు ఎస్‌జీ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్లో నింపాలి, ఇది పూర్తిగా ఫ్రీ. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లు పైన కనపడతాయి, వాటి జోలికి పోకుండా అక్కడి ఇమిగ్రేషన్ శాఖ, అంటే ఐసీఏ వాళ్ళ సైట్లోనో యాప్‌లోనో నింపండి. అందులో ఉండే చోటు అడ్రస్ అడుగుతాడు, బ్లాక్ నంబరు, ఫ్లోర్, యూనిట్ నంబరు, ఆరంకెల పోస్టల్ కోడ్, అన్నీ అక్కని ముందే అడిగి ఫ్రెండ్ ఫోన్లో కూడా సేవ్ చేయించండి. ఇమిగ్రేషన్ దగ్గర ఆఫీసర్ ఇద్దర్నీ విడివిడిగా అడగొచ్చు, అప్పుడు మీ ఫ్రెండ్ "వాళ్ళ అక్క ఇల్లు, పేరు తెలీదు" అని నిలబడితే బాగోదు, అక్క పూర్తి పేరూ ఫోన్ నంబరూ నోటికి రావాలి.

ఇక సామాను. అక్క లిస్ట్ పంపిద్ది, అమ్మ ఇంకో లిస్ట్ ఇస్తది. స్కూట్ లాంటి వాటిలో చౌక టికెట్‌కి చెకిన్ లగేజీ ఉండదు, చేతి సామాను మాత్రమే, అందుకని టికెట్‌తో పాటే కిలోలు కొనేసుకోండి, ఎయిర్‌పోర్ట్‌లో కొంటే వాచిపోద్ది. ఫ్రెండ్ కిలోలు మీ పచ్చళ్ళకి వాడేసుకుంటే ఆ డబ్బులు మీరే కట్టండి, ఇలాంటి చిన్న చిన్నవే తర్వాత మనసులో ఉండిపోతాయి. పచ్చళ్ళు చేతి బ్యాగులో వద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. గోంగూర, ఆవకాయ సీసాలో కాకుండా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత కింద ఒక పొర కవర్ వేసి బిగించి, మూత చుట్టూ ప్యాకింగ్ టేప్ నాలుగు చుట్లు చుట్టి, దాన్ని రెండు జిప్ కవర్లలో ఒకదాంట్లో ఒకటి పెట్టి, పాత టవల్లో చుట్టి పెట్టె మధ్యలో పెడితే నూనె చుక్క బయటికి రాదు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి ఎంత బతిమాలినా పట్టుకెళ్ళొద్దు, మాంసం సరుకులు అక్కడ ఒప్పుకున్న దేశాల నుంచే రావాలి, ఆ లిస్టులో మనం లేం. గసగసాలు కూడా వద్దు, అక్కడ నార్కోటిక్స్ వాళ్ళు వద్దన్న సరుకు అది, అమ్మ కొట్టిన మసాలా పొడిలో గసగసాలు పడ్డాయేమో ఓసారి అడగండి. చూయింగ్ గమ్ వద్దు, వేప్ (ఈ-సిగరెట్) అసలే వద్దు, ఈమధ్య దాని శిక్షలు ఇంకా పెంచారు. సిగరెట్లు తాగే ఫ్రెండ్ అయితే డ్యూటీ ఫ్రీ వెసులుబాటు ఒక్క ప్యాకెట్‌కి కూడా లేదని చెప్పండి. నిద్ర మాత్రలూ కోడీన్ ఉన్న దగ్గు మందులూ ఉంటే ముందే అనుమతి తీసుకోవాలి. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే. ప్లగ్గు అక్కడ బ్రిటన్ వాళ్ళ లాంటి చదరపు మూడు పిన్నులది, అడాప్టర్ ఇద్దరూ చెరొకటి కొనుక్కోండి. స్వీట్లకి మాడుగుల హల్వా, పూతరేకులు బెస్ట్, ఫ్రెండ్ చేత విడిగా ఒక డబ్బా పట్టించండి, అక్క చేతిలో తనే పెడితే ఆ మొదటి గంట మొహమాటం సగం పోద్ది.

డబ్బుల దగ్గర ఒకటి గట్టిగా అనుకోండి. ఫ్రెండ్‌తో అయ్యే ఖర్చు ఒక లెక్క, చుట్టాల ఖర్చు మీ సొంతం. హోటల్, టికెట్లు, క్యాబ్‌లు స్ప్లిట్‌వైజ్ అనే లెక్కల యాప్‌లో వేసుకోండి, అక్క పిల్లలకి కొన్న బొమ్మలు, వాళ్ళని డిన్నర్‌కి తీసుకెళ్ళిన బిల్లు అందులోకి రాకూడదు. ఇంకో పక్క బావగారు ఎక్కడికెళ్ళినా కార్డు తీసేస్తారు, మనం ఎంత లాక్కున్నా ఇవ్వరు, అక్కడ వాదన అనవసరం, జూ టికెట్లో ఇంకోటో మీరే ఆన్‌లైన్లో అందరికీ ముందే కొనేసి పెడితే ఇక ఆయన చేసేదేం ఉండదు. ఎంఆర్‌టీ రైళ్ళకి మాత్రం మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డు ఇద్దరికి టాప్ చెయ్యడం కుదరదు. కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్ కార్డ్ నేరుగా పనిచేస్తాయి, మన బ్యాంకు కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకుని వెళ్ళండి, లేకపోతే ఈజీలింక్ కార్డు కొనుక్కోండి.

ఇంక తిరగడం. వారం మధ్య హోటల్ లిటిల్ ఇండియా, ఫారర్ పార్క్ వైపు తీసుకుంటే రేట్లూ పర్లేదు, తిండికీ ఇబ్బంది లేదు, నడిచి వెళ్తే ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపు, అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటది, లోపలికి వెళ్ళేటప్పుడు మన బ్యాగు జిప్పులకి ప్లాస్టిక్ ట్యాగు బిగించేస్తారు, కంగారు పడకండి. మరీనా బే వైపు సాయంత్రం ఇలా పెట్టుకోండి. బేఫ్రంట్ స్టేషన్లో దిగి ఏడుంపావు కల్లా గార్డెన్స్ బై ద బేలో సూపర్ ట్రీలనే ఎత్తైన ఉక్కు చెట్ల కిందకి వెళ్ళిపోండి, 7.45 కి లైట్లూ పాటలతో షో మొదలవుద్ది, రెండోది 8.45 కి, రెండూ ఫ్రీ. కుర్చీల కోసం చూడకుండా నేల మీదే వెల్లకిలా పడుకోండి, అందరూ అదే చేస్తారు, ఆ చెట్లు కొన్ని 50 మీటర్ల ఎత్తు, మెడ నొప్పి పుట్టకుండా చూడాలంటే అదే దారి. మొదటి షో అవగానే లేచి వంతెన మీదుగా మరీనా బే సాండ్స్ లోంచి అటు నీళ్ళ వైపుకి నడిస్తే తొమ్మిదింటికి స్పెక్ట్రా అని నీళ్ళ మీద ఇంకో ఫ్రీ షో ఉంటది. ఒక్క రూపాయి పెట్టకుండా సాయంత్రం గడిచిపోద్ది, ఆ డబ్బులు మిగిల్చి ఆ గార్డెన్స్‌లోనే ఉన్న క్లౌడ్ ఫారెస్ట్ అనే అద్దాల తోటకి పెట్టండి, అది తప్పకుండా చూడాల్సిందే. సింహం తల, చేప ఒళ్ళు ఉన్న మెర్లయన్ బొమ్మ దగ్గర ఫొటో దిగి పది నిమిషాల్లో వచ్చెయ్యండి. సెంటోసా దీవి, అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ వారం మధ్యలోనే పెట్టుకోండి, వీకెండ్ జనం. బొటానిక్ గార్డెన్స్ యునెస్కో గుర్తింపున్నది, ఫ్రీ, లోపల ఆర్కిడ్ తోటకి మాత్రమే టికెట్.

వీకెండ్ మాత్రం చూసే చోట్ల లిస్టు పక్కన పడేసి వాళ్ళు ఎలా ఉంటారో అలా ఉండండి. శనివారం పొద్దున్న సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ గుడి, అక్కడ మనవాళ్ళ మాటలు బాగానే వినపడతాయి. ఆదివారం ఈస్ట్ కోస్ట్ పార్క్, పిల్లలతో సైకిళ్ళు అద్దెకి తీసుకుని సముద్రం పక్కన తొక్కి అక్కడే ఫుడ్ విలేజ్‌లో సాటే (పుల్లలకి గుచ్చి కాల్చిన మాంసం) తినొచ్చు. మీరొచ్చారని తెలిస్తే ఇంకో చుట్టం కూడా డిన్నర్‌కి పిలుస్తారు, బావగారి పిన్నిగారి తోడికోడలు గారో ఎవరో, అక్కడికి ఫ్రెండ్‌ని లాక్కెళ్ళొద్దు. "నీకు ఇంట్రెస్ట్ ఉంటేనే రా, లేకపోతే ఆర్చర్డ్ రోడ్డు తిరిగి రా" అని మనస్ఫూర్తిగా చెప్పండి, ఆ సాయంత్రం తనకి కూడా కావాలి, మీ పెళ్ళెప్పుడు అన్న ప్రశ్న ఇద్దరూ వినక్కర్లేదు కదా.

తిండి గురించి, హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకచోట ఉండే చోట్లలో, ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ కనపడితే అది ఎవరో ఆపుకున్న సీటు, తీసేసి కూర్చోకండి. తిన్నాక ట్రే మీరే స్టాండులో పెట్టాలి, పెట్టకపోతే ఫైన్ కూడా ఉంది. కాఫీకి కోపీ అంటే తియ్యటి డబ్బా పాలతో ఇస్తాడు, కోపీ సీ అంటే ఎవాపరేటెడ్ పాలు, చివర్లో కొసాంగ్ అంటే పంచదార లేకుండా, మనవాళ్ళకి నచ్చేది టే హాలియా, అల్లం టీ. ఫ్రెండ్ వెజిటేరియన్ అయితే సాంబల్ అనే మిరపకాయ పచ్చడిలో రొయ్యల ముద్ద ఉంటదని చెప్పండి, చైనీస్ వెజిటేరియన్ స్టాల్‌లో ముక్కలు అచ్చం మాంసంలానే కనపడతాయి గానీ అవి సోయాతోనో గోధుమ పిండితోనో చేసినవి. కష్టమైతే కోమల విలాస్ ఉండనే ఉంది, 1947 నుంచి నడుస్తోంది.

మలేసియా కూడా చూసేద్దాం అనిపిస్తది, ఇండియన్స్‌కి వీసా లేకుండా రానిచ్చే సదుపాయం 2026 చివరిదాకా ఉంది, బస్సులో మలక్కా వెళ్ళి ఒక రాత్రి ఉండి రావొచ్చు. కానీ ముందు మీ సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో చూడండి, మలేసియా డిజిటల్ అరైవల్ కార్డ్ నింపండి, వెనక్కి వచ్చేటప్పుడు సింగపూర్ కార్డు మళ్ళీ కొత్తగా నింపాలి. శుక్రవారం సాయంత్రాలూ శనివారాలూ ఆ బోర్డర్ దగ్గర తల ప్రాణం తోకకొస్తది, వారం మధ్యలో వెళ్ళండి. మలక్కాలో జోంకర్ స్ట్రీట్ రాత్రి సంత శుక్ర శని ఆదివారాలే కాబట్టి అది మిస్సవుద్ది, నా లెక్కలో పర్లేదు.

చివరి రోజు వాళ్ళు ఎయిర్‌పోర్ట్‌కి వస్తామంటే రమ్మనండి, చాంగీలో జ్యువెల్ అనే మాల్‌కి బోర్డింగ్ పాస్ అక్కర్లేదు, 40 మీటర్ల జలపాతం పక్కనే అందరూ కూర్చుని టిఫిన్ చెయ్యొచ్చు. ఒకే షాపులో 100 డాలర్లకి తగ్గకుండా కొన్నవాటికి 9 శాతం జీఎస్‌టీ నుంచి కొంత వెనక్కొస్తది, కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించాలి. ఆ సామాను చెకిన్ పెట్టెలో ఉంటే పెట్టె ఇచ్చేయకముందే రిఫండ్ మెషీన్ దగ్గరకి వెళ్ళండి, కస్టమ్స్ వాళ్ళు వస్తువు చూపించమనొచ్చు, అందుకని వాటిని పెట్టెలో పైనే సర్దుకోండి.