పుట్టగొడుగును కోయొద్దు, తవ్వి చూడండి

తొలకరి పడి నేల బాగా తడిసి, ఒకట్రెండు రోజులు ఉక్కపోసి మళ్లీ వాన దంచిందంటే పుట్టల దగ్గర గొడుగులు లేస్తాయి. పాడేరు, రంపచోడవరం, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు మృగశిర, ఆరుద్ర కార్తెలు వచ్చాయంటే జనం తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని వెళ్తారు. వాళ్లకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ అలవాటు లేకుండా, ఊరెళ్లినప్పుడు మనమూ ఏరుకొద్దామని బయల్దేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

అడవిలో కనబడే రకాలన్నీ నేర్చుకోవాలని చూడకండి. పుట్ట మీదో, దాని చుట్టుపక్కలో మొలిచే పెద్ద గొడుగు ఒక్కటి క్షుణ్ణంగా నేర్చుకుని మిగతావన్నీ వదిలేయండి. మొదటి సీజన్‌లో తెలిసినవాళ్ల వెంట వెళ్లండి, వాళ్లు దేన్ని తీసుకుంటున్నారో కాదు, దేన్ని వదిలేస్తున్నారో చూడండి, ఎందుకు వదిలేశారో అడగండి.

శాస్త్రవేత్తలు టెర్మిటోమైసిస్ అనే ఈ గొడుగును పెంచేది చెదపురుగులు. ఎండుటాకులూ పుల్లలూ నమిలి పుట్ట లోపల స్పాంజీలాంటి గూళ్లు కట్టి, వాటి మీద ఈ శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. వానలకు ఆ గూటి నుంచే కాడ పుట్టి మట్టిని చీల్చుకుంటూ పైకొస్తుంది. కాబట్టి కాడ నేల దగ్గర ఆగిపోదు, వేరులా సన్నబడుతూ జానెడో మూరెడో లోతుకు, గూటిదాకా పోతుంది. మీకు కావాల్సిన సాక్ష్యం అదే, అది మట్టి కింద ఉంది. పైనుంచి కత్తితో కోసేస్తే అది నేలలోనే ఉండిపోతుంది, బుట్టలోకి వచ్చింది ఏ గొడుగో తర్వాత ఎవరూ చెప్పలేరు.

అందుకని ముందు కర్రతో నాలుగు వైపులా తట్టండి, పుట్ట అంటే పాములూ ఉంటాయి, కన్నాల దగ్గర చెయ్యి పెట్టొద్దు. తర్వాత కలుపు తీసే కొడవలితో కాడ పక్కనుంచి మట్టి తోడుతూ వెళ్లండి. అన్నింటికీ అక్కర్లేదని అంటారు కానీ, గుంపులో ఒకదాన్ని తవ్వి చూసి పక్కన మొలిచినవన్నీ అదేననుకోవడం ప్రమాదం, విషపుది మధ్యలో ఒక్కటి ఉన్నా చాలు. వేరు మొత్తం బయటికి రాకపోయినా పర్లేదు, సన్నబడుతూ కిందికి పోతోందని కళ్లారా చూస్తే చాలు. పుట్టను మాత్రం పగలగొట్టకండి, గూడు బతికుంటే మళ్లీ ఏడాది అక్కడే లేస్తాయి. ఊళ్లో పూజ చేసే పుట్ట అయితే దాని జోలికే వెళ్లొద్దు.

ఇప్పుడు చేతిలో పట్టుకుని నిదానంగా చూడండి. గొడుగు నడిమధ్యన గట్టి మొన ఉంటుంది, మిగతా భాగం కంటే రంగు ముదురు, వేలితో నొక్కితే తెలుస్తుంది. మట్టిని పొడుచుకుని పైకి రావడానికి పనికొచ్చింది ఆ మొనే. గొడుగు విచ్చుకునేకొద్దీ అంచు నుంచి మొన వైపు చీలికలు పడతాయి. తిరగేస్తే మడతలు తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ లేత గులాబీకి తిరుగుతాయి. కాడ లోపల బోలుగా ఉండదు, చీలిస్తే ఉడికిన కోడిమాంసంలా పీచులు పీచులుగా వస్తుంది. ఈ జాతిలోనే కాడకు ఉంగరం ఉండే రకం ఒకటుంది, వేరు లేని చిన్న తెల్ల రకం కూడా ఉంది, అది వందలకొద్దీ మొలుస్తుంది. రెండూ తినేవే అయినా కొత్తవాళ్లు ముట్టుకోవద్దు, ఎందుకంటే ఉంగరం ఉన్నవాటిలో, చిన్న తెల్లవాటిలో విషపువి చాలా ఉన్నాయి.

అసలు భయపడాల్సింది అమానిటా జాతి గొడుగులకు. తెల్లగా, అందంగా, వాసన కూడా బాగానే ఉంటాయి. కాడ పైభాగంలో పావడాలాంటి ఉంగరం, అడుగున ఉబ్బిన గడ్డ, దాని చుట్టూ చిరిగిన సంచి. ఆ సంచి మట్టి లోపలే ఉంటుంది, కోసినవాడికి ఎప్పటికీ కనబడదు. మడతలు ముదిరినా తెల్లగానే ఉంటాయి. ఇంకా విచ్చుకోని మొగ్గల్ని అసలు ఏరకండి, ఆ వయసులో అన్నీ ఒకేలా ఉంటాయి.

రెండోది క్లోరోఫిల్లమ్, పచ్చిక మైదానాల్లో, స్కూలు గ్రౌండుల్లో, ఇళ్ల ముందు గడ్డిలో వానలకు లేచే పెద్ద తెల్ల గొడుగు, పైన గోధుమరంగు పెచ్చులు. లేతప్పుడు మడతలు తెల్లగానే ఉండి మోసం చేస్తాయి, తర్వాత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ప్రాణం తీయడం అరుదు గానీ, తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలతో మనిషిని పడేస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ఇంట్లో ఒక పరీక్ష చేయాలి. విచ్చుకున్న గొడుగును కాడ నుంచి వేరు చేసి, మడతలు కిందికి వచ్చేలా సగం తెలుపు, సగం నలుపు ఉన్న కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించండి. కొన్ని గంటల్లో, కాదంటే తెల్లారేసరికి, మడతల్లోని సిద్ధబీజాలు, అంటే గొడుగుకు విత్తనాల్లాంటివి, పొడిలా రాలి ముద్ర పడుతుంది. పుట్టగొడుగుది లేత గులాబీ. ఆకుపచ్చ పడినా, తెలుపు పడినా మొత్తం పారేయండి. గొడుగులు పాడైపోతాయని తొందరపడి ఈ పరీక్ష మానేయొద్దు, ఒక పూట కూర పోతే పోయింది.

వెండి చెంచా నల్లబడితే విషం, వెల్లుల్లి రంగు మారితే విషం, చీమలు తింటే మంచిది, పసుపేసి ఉడికిస్తే ఏమీ కాదు, ఇవన్నీ అబద్ధాలు. అమానిటా విషం ఉడికించినా ఎండబెట్టినా పోదు. ఫోన్ యాప్‌లో ఫొటో పెట్టి తినేయడం కూడా అంతే, యాప్‌కు మట్టి కింద ఉన్నది కనబడదు. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, చాలామంది తేయాకు తోటల కుటుంబాలవాళ్లు.

అమెరికాలో ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. ఆ చెదలు అక్కడ లేవు కాబట్టి మన పుట్టగొడుగు అక్కడ మొలవదు. కాలిఫోర్నియాలో ఓక్ చెట్ల కింద మన గడ్డివాము గొడుగులా కనిపించేది డెత్ క్యాప్ కావచ్చు, అదీ అమానిటానే. ఊళ్లో తిన్న అనుభవం అక్కడ పనికిరాదు.

ఏరినవి ప్లాస్టిక్ కవర్లో వేయకండి, చెమర్చి కుళ్లిపోతాయి, బుట్టో గుడ్డో వాడండి. మందు కొట్టిన చేల గట్ల మీదవి వద్దు. మొదటిసారి బాగా ఉడికించి కొంచెమే తినండి, పిల్లలకు పెట్టకండి, ఒకట్రెండు పచ్చివి కాడతో సహా ఫ్రిజ్‌లో ఉంచండి.

తిన్నాక వాంతులు, విరేచనాలు మొదలైతే ఎన్ని గంటలకు మొదలయ్యాయో రాసుకోండి. ఆరు గంటలు దాటాక మొదలైతే కాలేయం దెబ్బతినే విషం కావచ్చు. అందులో మరీ మోసం ఏమిటంటే, ఒక రోజు తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది, మనిషి లేచి కూర్చుంటాడు, లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోవద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి, ఫ్రిజ్‌లో దాచినవీ మిగిలిన కూరా డాక్టర్‌కు చూపించండి, ఆ కూర తిన్నవాళ్లందరినీ, ఇంకా ఏమీ కానివాళ్లను కూడా, వెంట తీసుకెళ్లండి.