మెడికల్ ఫారం నింపే ముందు ఒక్క నిమిషం

అమెరికాలో ఉంటూ చిన్న విమానం కొనాలనో, కిట్ తెప్పించి గ్యారేజీలో కట్టుకోవాలనో ఉబలాటపడేవారికి ఒక మాట. స్పోర్ట్ పైలట్‌కు, అంటే సరదాకి చిన్న విమానాలు నడిపే లైసెన్సు ఉన్నవారికి, ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) మెడికల్, అంటే ఆరోగ్య ధ్రువపత్రం, తప్పనిసరి కాదు, చెల్లుబాటయ్యే అమెరికా డ్రైవింగ్ లైసెన్సు చాలు. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఎందుకైనా మంచిదని మెడికల్‌కు దరఖాస్తు పెట్టి, అది తిరస్కరణకు గురైతే, డ్రైవింగ్ లైసెన్సు దారి కూడా మూసుకుపోతుంది. అసలు అడగనివారు ఎగరవచ్చు, అడిగి కాదనిపించుకున్నవారు ఎగరకూడదు! అందుకే గుండె జబ్బు, మధుమేహం లాంటివి ఉంటే, ఫారం నింపకముందే విమానయాన వైద్యుడిని కలిసి సలహా మాత్రమే అడగండి. అలాగని ఒంట్లో బాగాలేదని తెలిసి కూడా విమానం ఎక్కకూడదు, నిబంధన ఆ మాటా చెబుతోంది.

స్పోర్ట్ పైలట్ శిక్షణ కనీసం 20 గంటలన్నది కాగితం మీది లెక్క. డబ్బు అంతకన్నా ఎక్కువకే సిద్ధం చేసుకోండి.

కట్టేవారైతే మొత్తం కిట్‌కు ఒకేసారి డబ్బు పోయకండి. వ్యాన్స్ లాంటి విమాన కిట్ల తయారీ సంస్థలు తోక భాగాన్ని విడిగా అమ్ముతాయి. నాలుగు వరుసల రివెట్లు బిగిస్తే ఆ పని మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది. మొదటి రోజు నుంచే తేదీలు రాసిపెట్టుకోండి, ఫొటోలు తీయించుకోండి. రేకుల ఫొటోలు మాత్రమే కాదు, పని చేస్తూ మీరూ కనిపించాలి. సగానికి పైగా పని ఔత్సాహికులే చేశారని తనిఖీలో చూపడానికి అవే ఆధారం. తర్వాత ఆ విమానం కట్టినవారిగా రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ తీసుకుంటే ఏటా జరగాల్సిన తనిఖీ మీరే చేసుకోవచ్చు, మెకానిక్ ఖర్చు మిగులుతుంది.