బాత్రూమ్ పైపులకు టేపు పెట్టి ఫొటో

టైల్స్ వేశాక గీజర్‌కో టవల్ రాడ్‌కో డ్రిల్ పెట్టాలంటే లోపల పైపు ఎక్కడుందోనని ఒకటే టెన్షన్. అమలాపురంలో మా ఇంట్లో ఒకసారి పైపుకే చిల్లు పడింది. నాలుగు టైల్స్ పగలగొట్టాం, మళ్లీ ఆ రంగువి దొరకనే లేదు.

ఈసారి పెద్ద బాత్రూమ్ మార్చేటప్పుడు, గాడి కొట్టి పైపులు బిగించాక, సిమెంటు పూయకముందే ప్రతి గోడ దగ్గరా టేపు పట్టుకుని ఫొటోలు తీశాను. ఒక్కో పైపుకి రెండు: ఒకటి తలుపు ఫ్రేమ్ నుంచి పక్కకి ఎంత దూరమో, ఇంకొకటి వెంటిలేటర్ ఫ్రేమ్ నుంచి కిందికి ఎంతో. అంకెలు స్పష్టంగా కనబడాలి. కరెంటు పైపులకీ అంతే. పది నిమిషాల పని. ఫొటోలు వాట్సాప్‌లో ఇంట్లోవాళ్లకీ పంపి ఉంచాను, ఫోన్ పోయినా ఉంటాయి.

కొలత మాత్రం గోడ మూల నుంచీ, నేల నుంచీ తీయకండి. పూత, టైల్ కలిసి అంగుళం దాకా ముందుకొస్తాయి, నేల ఇంకా ఎక్కువే లేస్తుంది. ఫ్రేములు అప్పటికే బిగించి ఉండాలి, తర్వాత కదపకూడదు. ప్లంబరు మధ్యలో లైన్ మారిస్తే ఆ గోడకి మళ్లీ ఫొటో తీయాల్సిందే.