స్కాన్ చేశాక ప్యాకెట్ వెనక్కి కూడా తిప్పండి

సరుకులు కొనేటప్పుడు ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ యాప్ వాడి చూడండి. ఉచితం, ప్రకటనల గోల లేదు. 2012లో ఫ్రాన్స్‌లో మొదలైంది. బార్‌కోడ్ మీద ఫోన్ పెడితే చక్కెర, ఉప్పు, కొవ్వు 100 గ్రాములకు ఎంతెంత ఉన్నాయో చూపిస్తుంది.

అసలు మెలిక ఏంటంటే, ఆ వివరాలు ఎక్కువగా మనలాంటి వాడకందారులు ఎక్కించినవే. 890తో మొదలయ్యే, అంటే భారత్‌లో నమోదైన కోడ్‌లకి ఒక్కోసారి సగం గడులు ఖాళీగా ఉంటాయి, లేదా పాత ప్యాకెట్ లెక్క కనిపిస్తుంది. ప్యాకెట్ వెనక పట్టికతో సరిచూసుకోండి. తేడా వస్తే ప్యాకెట్ మీదున్నదే నమ్మండి.

ఉప్పు దగ్గర ఇంకో తిరకాసు. మన ప్యాకెట్ల మీద రాసేది ఉప్పు కాదు, సోడియం, అదీ మిల్లీగ్రాముల్లో. దాన్ని రెండున్నరతో గుణించాలి. మొన్న మా అమ్మకి బీపీ అని అప్పడాల ప్యాకెట్ తిప్పి చూశాను: సోడియం 1,600. అంటే 100 గ్రాముల అప్పడాల్లో 4 గ్రాముల ఉప్పు! అమ్మ మాత్రం "ఒక్కటేగా" అని నూనె పొయ్యి మీద పెట్టేసింది, అది వేరే సంగతి.

చక్కెరకైతే లెక్క సులువు, 4 గ్రాములంటే దాదాపు ఒక టీ చెంచా. "మల్టీగ్రెయిన్" అని రాసున్న బిస్కెట్లని ముందు స్కాన్ చేయండి, నేను వాటి దగ్గరే ఎక్కువ మోసపోయాను. కిరాణా కొట్టులో తూచి ఇచ్చే కందిపప్పుకి కోడ్ ఉండదు, దానికి ఈ తంటా అక్కర్లేదు కూడా.