ఫ్రెండ్స్‌తో ఆడే సిమ్ (సిమ్యులేషన్) బేస్‌బాల్ లీగ్ హిస్టరీ రాసి పెట్టుకోవడం ఎలా

డైస్, కార్డులతో ఆడే స్ట్రాట్-ఓ-మాటిక్ (1961 నుంచి ఉంది) అయినా, కంప్యూటర్లో ఆడే అవుట్ ఆఫ్ ద పార్క్ అయినా, లీగ్ నాలుగు సీజన్లు దాటిందంటే ఎవరు ఎవర్ని ట్రేడ్ చేశారో ఎవరికీ సరిగ్గా గుర్తుండదు, అందుకే ముందు పాత బాక్స్ స్కోర్లన్నీ (ఒక్కో మ్యాచ్ స్కోర్ పట్టికలు) ఒకచోట చేర్చండి, కాగితాలైతే ఫోటో తీసేస్తే చాలు.

తర్వాత సీజన్‌కో పేజీ. స్టాండింగ్స్ (పాయింట్ల పట్టిక లాంటిది), ఛాంపియన్, డ్రాఫ్ట్ (టీమ్‌లు వంతులవారీగా ఆటగాళ్లని ఎంచుకోవడం), ట్రేడ్లు. ప్రతి ట్రేడ్ పక్కన ఎందుకు చేశారో ఆ మేనేజర్‌నే అడిగి ఒక లైన్ రాయండి, నాకైతే అసలు హిస్టరీ అంటే అదే, నంబర్లు ఎప్పుడైనా లెక్కేసుకోవచ్చు కానీ ఆ కారణం మాత్రం మనిషి లీగ్ వదిలేసి వెళ్లిపోతే ఇంక దొరకదు.

పిచింగ్ టోటల్స్ దగ్గర జాగ్రత్త! 6.1 ఇన్నింగ్స్ అంటే ఆరు ఇన్నింగ్స్ మీద ఒక అవుట్, దాన్ని షీట్లో దశాంశంలా కూడితే ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్ సగటు, అంటే ఫీల్డింగ్ తప్పుల వల్ల కాకుండా వచ్చిన రన్స్) తప్పొస్తుంది. అవుట్లలోకి మార్చుకోండి, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి 6.1 అంటే 19 అవుట్లు, అన్నీ కూడాక ఎర్న్‌డ్ రన్స్‌ని 27తో గుణించి మొత్తం అవుట్లతో భాగిస్తే కరెక్ట్‌గా వస్తుంది.

టీమ్ పేరో ఓనరో మారితే రికార్డు కొత్తగా మొదలెట్టకండి, పాతదాన్నే కంటిన్యూ చేసి ఏ సీజన్లో మారిందో రాయండి. డీహెచ్ (పిచర్ బదులు వేరే ఆటగాడు బ్యాటింగ్ చేయడం) లాంటి రూల్ మారినా అంతే, ఆ సీజన్ పేజీ పైనే పెట్టేయండి, లేకపోతే రన్స్ ఒక్కసారిగా ఎందుకు పెరిగాయో తర్వాత చేరినవాళ్లకి అర్థం కాదు.